బోర్డుకు ముందు మానేసిన గోలీలు

2022 వేసవిలో నేను గోదావరిఖనిలో ఒక దినపత్రికకు స్టాఫ్ రిపోర్టర్‌ని. ఉద్యోగంలో అదే నా చివరి పోస్టింగ్. పొద్దున పోలీస్ స్టేషన్, తర్వాత బొగ్గు కంపెనీ ఏరియా దవాఖాన, మధ్యాహ్నం యూనియన్ ఆఫీసులు, సాయంత్రానికి వార్తలు పంపడం. ఈ తిరుగుడును మేం రౌండ్స్ అంటాం. అప్పటికి రౌండ్స్ మీద ఇష్టమూ పోయింది, విసుగూ పోయింది. అలవాటు మాత్రం మిగిలింది.

ఏప్రిల్‌లో హైదరాబాద్ డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. కరోనా రోజుల్లో విటమిన్, జింకు మాత్రలకు అలవాటుపడిన జనం ఇప్పుడు వయసును ఆపే గోలీల మీద పడ్డారనీ, బొగ్గు బెల్టులో అవి బాగా అమ్ముడవుతున్నాయనీ ఎవరో చెప్పారట. ఇందులో సైన్స్ ఎంతో, సరుకు ఎంతో తేల్చి ఆదివారం పేజీకి ఒక కథనం పంపమన్నారు.

సైన్స్ సంగతి ముందు తెలుసుకుందామని ఏరియా దవాఖానలో జనరల్ ఫిజీషియన్ డాక్టర్ నస్రీన్ దగ్గరికి వెళ్లాను. వాళ్ల నాన్న ఇక్కడి వర్క్‌షాప్‌లో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆమెకు కార్మికుల రోగాలూ తెలుసు, వాళ్ల మాటా తెలుసు. ఓపీ అయ్యాక ఓపిగ్గా చెప్పింది. మెట్‌ఫార్మిన్ అనే పాత షుగర్ మందు ముసలితనపు జబ్బులను కూడా వెనక్కి నెడుతుందేమోనని పరిశోధిస్తున్నారు. షుగర్ లేనివాళ్లకు మేలు చేస్తుందని ఇంకా రుజువు కాలేదు. పైగా ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గి కాళ్లు తిమ్మిరెక్కవచ్చు. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకిచ్చే రాపమైసిన్ ఎలుకల ఆయుష్షును పెంచింది. కానీ అది మనిషిలో రోగనిరోధక శక్తిని అణచే మందు, ఆరోగ్యంగా ఉన్నవాడు సొంతంగా మింగేది కాదు. శరీర కణాలు శక్తిని తయారుచేసుకోవడానికి వాడుకునే ఒక పదార్థాన్ని పెంచే మాత్రలున్నాయి. అవి రక్తంలో దాని మోతాదును పెంచుతాయి. దానివల్ల మనిషికి ఒరిగేదేమిటో ఇంకా తేలలేదు. విటమిన్ డి, బి12 తక్కువైనవాళ్లకు ఇస్తే మేలు. సరిపడా ఉన్నవాళ్లకు ఇస్తే కొత్తగా వచ్చే యవ్వనమేమీ లేదు.

ఇదంతా చెప్పి నవ్వింది.

"ఎలుకలు మా దవాఖానకు రావు సార్. నైట్ షిఫ్టు చేసి నిద్రలేనోళ్లు వస్తరు. బీపీ గోలి రోజు ఏస్కోమంటె యాదిమరుస్తరు. వయసు తగ్గే గోలి మాత్రం ఒక్క పూట యాదిమరువరు."

ఇక సరుకు. మా ప్రాంతంలో ఆ గోలీలు అమ్మేది మల్లేశం. బావిలో పంపు ఆపరేటర్‌గా చేసి రిటైరైనవాడు. బొగ్గు గనిని ఇక్కడ బావి అంటారు, మాటల్లో అది బాయి అవుతుంది. మల్లేశం ఇంటింటికీ నడిచి తెలిసినవాళ్లకే అమ్మేవాడు. డబ్బా మీద ఆకుల బొమ్మ, అంతా మూలికలేనన్న హామీ, ఎక్కడో దూర రాష్ట్రపు చిరునామా ఉన్నాయి. నేను వెళ్లేసరికి తన సరుకుకు సాక్ష్యంగా చెల్లెలి మొగుడు ఓదెలును అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు.

ఓదెలు సపోర్ట్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టే పని. నడుము, మోకాళ్లు అందులోనే అరిగిపోతాయి.

"మా బావను చూడుండ్రి సార్. దసర ముంగట గోడ పట్టుకొని నడిచిండు. గిప్పుడు మొఖం చూడుండ్రి, పెండ్లికొడుకు లెక్క నిండింది," అన్నాడు మల్లేశం.

"ఏ, ఊకో. పెండ్లికొడుకంటె మీ చెల్లె ఇంట్లకు రానియ్యది," అన్నాడు ఓదెలు.

"రానియ్యకుంటె మా ఇంటికి రా. ఇంకో డబ్బ ఇస్త."

ముఖం నిజంగానే గుండ్రంగా నిండి ఉంది. చేతులు మాత్రం సన్నగా ఉన్నాయి, ముంజేతుల మీద అక్కడక్కడా కమిలిన మచ్చలు. అడిగితే బావిలో రాయి తాకి ఉంటుందన్నాడు. గోలీలు మొదలుపెట్టిన మూడో రోజుకే నొప్పులు పోయాయనీ, అప్పటి నుంచి ఒక్క మస్టర్ కూడా పోలేదనీ చెప్పాడు. మస్టర్ అంటే డ్యూటీ హాజరు. ఏడాదిలో అవి మరీ తగ్గితే ఉద్యోగానికే ఎసరు.

అయితే ఓదెలుకు కావలసింది యవ్వనం కాదు. ఈ ఊరి సంగతి తెలియనివాళ్లకు ఇక్కడొక మాట చెప్పాలి. కార్మికుడు ఆరోగ్యం పాడై పని చేయలేని స్థితికి వస్తే కంపెనీ మెడికల్ బోర్డుకు పంపుతుంది. బోర్డు ఫిట్ అని రాస్తే మళ్లీ బావిలోకి దిగాలి. భూగర్భానికి మాత్రమే పనికిరాడని రాస్తే పైన తేలిక పని ఇస్తారు. ఏ పనికీ పనికిరాడని, అంటే పూర్తిగా అన్‌ఫిట్ అని రాస్తేనే ఇంట్లో ఒకరికి అతని బదులు ఉద్యోగం వస్తుంది. దానికి కూడా రిటైర్మెంటుకు ఇంకా కొంత సర్వీసు మిగిలి ఉండాలి. ఓదెలుకు ఆ గడువు ఆ ఏడాదితో ముగుస్తుంది. ఒక్కతే కూతురు మౌనిక డిగ్రీ చేసి ఇంట్లో ఉంది. మే నెలలో బోర్డుకు పిలుపు వచ్చింది. అది తప్పితే గడువులోగా మళ్లీ పిలుస్తారన్న నమ్మకం లేదు.

లోకమంతా వయసు దాచుకోవడానికి మందులు కొంటుంటే, ఈ ఊళ్లో మనిషి తన ముసలితనాన్ని డాక్టర్ల ముందు రుజువు చేసుకోవాలి. రుజువు చేసుకునేదాకా మస్టర్లు పోకుండా డ్యూటీ చేయాలి. అందుకు గోలీలు కావాలి.

మరి ఇంత హుషారుగా బోర్డు ముందు నిలబడితే ఎలా అని అడిగాను. ఓదెలు ముందే ఆలోచించి పెట్టుకున్నాడు.

"బోర్డుకు పది రోజుల ముంగట బందువెడ్త సార్. నా కాళ్లు నిజంగనే పోయినయ్. గోలి ఏస్కుంటెనే నేను అబద్ధమైత. మానేస్తె నిజం బయటపడ్తది."

ఆ మాటను రాసుకున్నాను. కథనానికి బాగుంటుందనిపించింది.

మే మధ్యలో రామగుండం వైపు ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో రిపోర్టర్లం దవాఖానకు వెళ్తే ముందు అడిగేది వడదెబ్బ కేసుల గురించే. ఆ రోజు క్యాజువాలిటీలో ఓదెలు కనిపించాడు. తెల్లవారుజాము నుంచి వాంతులు, లేచి నిలబడబోతే పడిపోయాడట. వడదెబ్బ అని రాసి సెలైన్ పెట్టారు. రెండో సీసా దిగుతోంది కానీ బీపీ లేవడం లేదు. రక్తంలో షుగర్ కూడా పడిపోయింది. పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడు, మాట రావడం లేదు. బోర్డు మరో రెండు రోజుల్లో ఉంది.

అతని భార్య సమ్మక్క మంచం పక్కన కొంగుతో విసురుతోంది. డాక్టర్ నస్రీన్ వచ్చి, ఏమన్నా మందులు వాడుతున్నాడా అని అడిగింది.

"ఏం వాడుతలేడు మేడం. బీపీ లేదు, షుగర్ లేదు. అన్నం తప్ప ఏం తింటలేడు," అంది సమ్మక్క. అది అబద్ధం కాదు. ఆ రోజుకు అతను ఏదీ వాడటం లేదు.

వాడటం లేదు గానీ కొన్ని గోలీలు మానేస్తానని నాతో అన్నాడని చెప్పాను. డాక్టర్ నా వైపు తిరిగింది. ఏం గోలీలన్నది. గుమ్మం దగ్గర నిలబడ్డ మల్లేశం చొక్కా జేబులోంచి డబ్బా తీసి ఇచ్చాడు. ఆమె లేబుల్ చూసి పక్కన పెట్టింది. ఓదెలు ముంజేతి మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి చూసింది, తర్వాత ఆ గుండ్రటి ముఖాన్ని చూసింది.

"ఎప్పటిసంది ఏస్కుంటుండు?"

"దసర సంది," అన్నాడు మల్లేశం.

"ఏస్కున్న ఎన్ని రోజులకు నొప్పి తగ్గింది?"

"మూడో రోజుకే మేడం." ఆ గొంతులో ఇంకా కొంచెం గర్వముంది.

"మూలికలు మూడో రోజుకు గిట్ల పనిచెయ్యవు, కాకా," అని ఆమె నర్సును పిలిచి హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ తెమ్మంది.

తర్వాత తీరిక దొరికినప్పుడు ఆమె వివరించింది. మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయి. ఒంటికి దెబ్బ తగిలినా, జ్వరం వచ్చినా, ఎండ తగిలినా తట్టుకోవడానికి కావలసిన స్టెరాయిడ్‌ను అవే తయారుచేస్తాయి. అదే జాతి మందు బయటి నుంచి నెలల తరబడి వస్తుంటే ఆ గ్రంథులు పని మానుకుంటాయి. అందుకే డాక్టర్లు స్టెరాయిడ్ ఇస్తే కొంచెం కొంచెంగా తగ్గించి ఆపుతారు. ఒక్కసారిగా ఆపితే బయటిది రాదు, లోపలిది లేదు. బీపీ పడిపోయి మనిషి పోవచ్చు. మూలికల పేరుతో అమ్మే నొప్పుల మందుల్లో దొంగతనంగా స్టెరాయిడ్ కలపడం కొత్తేమీ కాదంది. నిండిన ముఖం, పలచబడ్డ చర్మం, కమిలిన మచ్చలు దాని గుర్తులేనంది. మేమంతా యవ్వనమనుకున్నది అదే.

సాయంత్రానికి బీపీ లేచింది. ఓదెలు కళ్లు తెరిచి మొదట అడిగింది బోర్డు తేదీ గురించి.

"సచ్చి బతికినవ్, బోర్డు గిప్పుడు యాదికచ్చిందా?" అని సమ్మక్క అరిచి, వెంటనే కళ్లు తుడుచుకుంది. అన్న వైపు మాత్రం చూడలేదు.

మల్లేశం డాక్టర్ దగ్గరికి వచ్చాడు.

"మేడం, నేను గూడ రోజు రెండు మింగుతున్న. ఇయ్యాల్టిసంది నేను గూడ బందువెట్టాల్నా?"

"నువ్వు మాత్రం బందువెట్టకు!" అని ఆమె ఎంత గట్టిగా అరిచిందంటే వార్డులో అందరూ తిరిగి చూశారు. "రేపు పొద్దుగాల ఓపీకి రా. ఎట్ల తగ్గించాల్నో నేను చెప్త. ఇంకెందరికి అమ్మినవ్?"

మల్లేశం గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

నా పని అక్కడ మొదలైంది. ఆ రాత్రి ఎడిషన్‌కు వార్త పంపాను. గోలీల్లో స్టెరాయిడ్ ఉందని రాయడానికి వీల్లేదు. ల్యాబ్ రిపోర్టు లేకుండా అది అనుమానమే. డాక్టర్లు అనుమానిస్తున్నారని రాశాను. డెస్క్‌లో కుర్రాడు 'ఆ గోలీలు వెంటనే మానేయండి' అని శీర్షిక పెట్టాడు. అలవాటుగా ఎవరైనా పెట్టే శీర్షికే. దాన్ని చదివి బొగ్గు బెల్టులో ఎంతమంది మరుసటి పొద్దున్నే మానేస్తారోనని భయమేసి ఫోన్ చేశాను. 'సొంతంగా మానేయకండి, దవాఖానకు రండి' అని మార్చమన్నాను. విషమంటూనే మానొద్దంటే పాఠకుడు ఏమనుకుంటాడని అతను వాదించాడు. అతని వాదన తప్పని చెప్పలేను. చివరికి న్యూస్ ఎడిటర్ దాకా వెళ్లాక శీర్షిక మారింది. వార్త మాత్రం కుదించుకుపోయి సింగిల్ కాలమ్ అయింది. మరుసటి రోజు పేపర్ తెరిస్తే దాని కిందే నూరేళ్ల సత్తువ ఇచ్చే చూర్ణం ప్రకటన ఉంది.

పేపర్ చదవని ఇళ్లకు మల్లేశమే వెళ్లాడు. అమ్మినప్పుడు నడిచిన దారినే మళ్లీ నడిచి, ఎండలో తలుపులు తట్టి, మానకండి, దవాఖానకు పోదాం పదండి అని చెప్పుకొచ్చాడు. కొందరు తిట్టారు. కొందరు కొత్త డబ్బా అమ్మడానికి వచ్చాడనుకున్నారు. వారం పాటు నస్రీన్ ఓపీ ముందు మామూలు కన్నా పెద్ద వరుస ఉండేది. తర్వాత ఔషధ తనిఖీ అధికారి పట్టుకెళ్లిన నమూనాలో స్టెరాయిడ్ ఉన్నట్టు రిపోర్టు వచ్చింది. డబ్బా మీది చిరునామాలో అలాంటి కంపెనీయే లేదని కూడా తేలింది. అది కూడా సింగిల్ కాలమే.

ఓదెలు ఆ బోర్డుకు వెళ్లలేకపోయాడు. దవాఖానలో ఉన్నట్టు కాగితం పంపితే తర్వాతి బోర్డుకు పిలిచారు. గడువు దాటకముందే అది జరిగింది. అప్పటికి తగ్గించిన మోతాదులో డాక్టర్ ఇచ్చిన మందు వాడుతున్నాడు. బోర్డు వాళ్లు ఎక్స్‌రే తీయించారు. వెన్నుపూసల్లో రెండు నలిగిపోయి ఉన్నాయి, ఎముకలు గుల్లబారాయి. కళ్లలో శుక్లాలు మొదలయ్యాయి. ఎక్కువ కాలం స్టెరాయిడ్ వాడితే ఇవి రావచ్చని నస్రీన్ ముందే చెప్పింది. ఇందులో బావి వాటా ఎంత, గోలీల వాటా ఎంత అన్నది బోర్డుకు అవసరం లేని ప్రశ్న. పూర్తిగా అన్‌ఫిట్ అని రాశారు.

మౌనిక ఏడాది తిరక్కముందే కంపెనీ ఆఫీసులో జనరల్ అసిస్టెంట్‌గా చేరింది. నేను రిటైరయ్యే ముందు ఒకసారి వాళ్ల ఇంటికి వెళ్లాను. ఓదెలు నడుముకు బెల్టు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముఖం దిగి, వయసుకు మించిన మనిషిలా ఉన్నాడు. మల్లేశం వచ్చిపోతున్నాడా అని అడిగాను.

"వస్తడు. నేనే మాట్లాడ," అంది సమ్మక్క. "ఈయన ముసలోన్నని రాయించుకుంటనన్నడు, రాయించుకున్నడు. పిల్లకు నౌకరి అచ్చింది. ఇగ ఎవల్ని ఏమనాలె సార్?"

మౌనికకు సెకండ్ షిఫ్టు వేశారా, జనరల్ షిఫ్టేనా అని నేనడిగితే జనరల్, పగటి డ్యూటీయే అన్నాడు ఓదెలు.

డెస్క్ అడిగిన ఆదివారం కథనం చివరికి రాయలేదు. ఆ తర్వాత ఆరోగ్యం మీద ఏ వార్త రాసినా రెండు ప్రశ్నలు తప్పకుండా అడిగేవాణ్ని. మందు ఎన్ని రోజులకు పనిచేసిందన్నది ఒకటి. వయసు మీద జరుగుతున్న అసలైన పరిశోధన నెమ్మదిగా నడుస్తుంది, తేలనిదాన్ని తేలలేదనే చెప్తుంది. మూడు రోజుల్లో మనిషిని మార్చిన గోలీలో లేబుల్ మీద లేనిదేదో ఉండి ఉంటుంది. రెండోది, ఈమధ్య ఏం మానేశారన్నది. ఏం వాడుతున్నారని దవాఖానలో అందరూ అడుగుతారు. ఓదెలు విషయంలో ఆ ప్రశ్నకు ఏమీ లేదన్న నిజమే జవాబుగా వచ్చింది.