పాలవాడు షూమేట్‌కి అంటిన సారా కీర్తి

వెర్లిన్ షూమేట్ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి సారా చుక్క ముట్టలేదు. నార్త్ కరొలైనా కొండల్లో, అందులోనూ హార్లో జిల్లాలో, ఒక మగవాడి గురించి ఈ మాట పైకి అనడం అతని పరువు తీయడమే. అందుకని మర్యాదస్తులెవరూ ఆ ఊసెత్తేవారు కాదు.

అతని పని ఇంటింటికీ పాల సీసాలు చేర్చడం. కొండ మీది డెయిరీలో సీసాలు ఎక్కించుకుని, పద్నాలుగు మైళ్ళ మట్టిరోడ్డు దిగి, ఎండ ముదిరి పాలు విరిగేలోగా రెండువందల గుమ్మాల ముందు పెట్టాలి. ఏడేళ్ళు అలా దిగేసరికి, బ్రేకు తొక్కకుండా, సీసా కిణుక్కుమనకుండా మలుపు తిప్పడం అతని ఒంటికి పట్టేసింది. అది విద్య అని ఎవరూ అనుకోలేదు. అతనూ అనుకోలేదు.

1949లో కేన్ బ్రాంచ్ వాగు పక్కన ఎవరో ఒక మొక్కజొన్న చేను చదును చేసి, అరమైలు ఎర్రమట్టి దారి గుండ్రంగా తీసి, చుట్టూ కోళ్ళదడి లాంటి కంచె కట్టి, దానికి స్పీడ్‌వే అని పేరు పెట్టారు. కొన్న కారును కొన్నట్టే పందెంలో దింపాలి, అదీ నియమం. వెర్లిన్ దగ్గర ఆకుపచ్చ నాష్ కారు ఒకటుండేది. అతని భార్య ఓలెటా ఒక్క షరతు పెట్టింది.

"తోలుకుంటే తోలుకో. బుధవారం ప్రార్థనకి మాత్రం నన్ను ఆ కార్లోనే తీసికెళ్ళాలి. తలుపులు నాలుగూ ఉండాలి."

ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళిన కారే మధ్యాహ్నం పందేనికి వెళ్ళేది. వెర్లిన్ టై కూడా విప్పేవాడు కాదు. తలుపులు ఊడిపోకుండా నడుం బెల్టుతో కట్టేవాడు, దీపాలకు పట్టీలు అంటించేవాడు. అయిదేళ్ళలో ముప్ఫైకి పైగా పందేలు తోలాడు. ఎక్కువగా తొమ్మిదో స్థానం, పదో స్థానం. ఒకసారి పదిహేడు. ఆరోజు పదిహేడు కార్లే వచ్చాయి.

1951 ఆగస్టులో మాత్రం వేరే సంగతి జరిగింది. వానల్లేక ట్రాకంతా పిండిలా ఉంది. మూడో చుట్టుకే ఎర్రదుమ్ము లేచి ముందున్న కారే కాదు, సొంత కారు ముక్కు కూడా కనబడలేదు. పెద్ద పెద్ద వీరులంతా కనబడని మలుపులోకి గుడ్డి ధైర్యంతో వెళ్ళి ఒకరినొకరు గుద్దుకున్నారు. ఒకాయన కంచె తెంచుకుని వాగులో దిగాడు. ఇంకొకాయన సరాసరి సోడాల కొట్లోకి దూసుకెళ్ళాడు. తెల్లారగట్ల పొగమంచులో కొండదిగే అలవాటున్న వెర్లిన్ మాత్రం, మలుపును చూడకుండానే తిరుగుతూ, మూడోవాడిగా గీత దాటాడు. నాలుగోవాడు గార్లండ్ మింటన్.

మర్నాడు ఊరి పత్రిక కింది మూల రెండు వరుసలు వేసింది: "సరుకు సకాలంలో చేర్చిన పాలవాడు షూమేట్‌కు మూడో స్థానం." ఓలెటా దాన్ని కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది. 1954లో ట్రాకు మూతపడింది. దూరంగా పట్టణాల్లో తారు ట్రాకులు వచ్చాయి. కేన్ బ్రాంచ్‌లో పైన్ మొక్కలు నాటారు. వెర్లిన్ పాలు పోస్తూ పోస్తూ రిటైరయ్యాడు, చర్చిలో సంఘ పెద్ద అయ్యాడు. పందేల సంగతి అందరూ మరిచిపోయారు.

నాలుగో స్థానం గార్లండ్ మరిచిపోదగ్గవాడు కాదు. ఆ రోజుల్లో జిల్లా మొత్తం మీద దొంగచాటుగా కార్లో నాటుసారా తోలడంలో అతన్ని మించినవాడు లేడు. ఆ డబ్బుతోనే కుర్చీల ఫ్యాక్టరీ పెట్టాడు, బ్యాంకు ఛైర్మన్ అయ్యాడు, చర్చి సంఘంలో వెర్లిన్‌ని మించిన పెద్ద అయ్యాడు. అరవై దాటినవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అరవై లోపు వాళ్ళందరికీ అతని ఫ్యాక్టరీలోనే ఉద్యోగం. అందుకని ఎవరూ నోరెత్తలేదు.

1993కి కారు పందేలు టీవీ నిండా వచ్చేశాయి. పక్క జిల్లాకు బస్సుల్లో యాత్రికులు వస్తున్నారని తెలిసి, హార్లో జిల్లాకు తన చరిత్ర మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టింది. పాత జైల్లో మ్యూజియం పెట్టాలని కమిటీ వేశారు. ఛైర్మన్ గార్లండ్ మింటన్. కార్యదర్శి డెనీస్ ప్రూయిట్, చరిత్రలో పట్టా ఉన్న అమ్మాయి. ఈ పందేలు పుట్టిందే పోలీసులకు దొరక్కుండా కార్లలో సారా తోలినవాళ్ళ వల్లనని ప్రతీతి, అందుకని యాత్రికులకు సారా వీరుడు ఒకడు కావాలి. ఛైర్మన్‌గారేమో పాత సంగతులు తనకేం గుర్తు లేవన్నారు. డెనీస్ పాత పత్రికలు తిరగేసి, నెల తిరక్కుండా వెర్లిన్ ఇంటి తలుపు కొట్టింది.

"షూమేట్ గారూ, దొరికిపోయారు!" అంది, మురిసిపోతూ. "సరుకు సకాలంలో చేర్చిన పాలవాడు. ఏం సరుకండీ అది?"

"పాలమ్మా."

"అదే, అదే. పాలు అనేవాళ్ళన్నమాట. తెల్లగా ఉంటుంది కాబట్టి."

"పాలు తెల్లగానే ఉంటాయమ్మా. ఆవు పాలు."

డెనీస్ పుస్తకంలో రాసుకుంది. "రాత్రిళ్ళు తోలేవారా?"

"తెల్లారకముందే బయల్దేరేవాణ్ణి. లేకపోతే విరిగిపోతాయి."

"పోలీసులు ఎప్పుడైనా ఆపారా?"

"ఆపేవాళ్ళు. షెరిఫ్‌గారు రోజుకో సీసా తీసుకునేవాడు."

డెనీస్ కళ్ళు చెమర్చాయి. "షెరిఫ్ కూడానా!" అని గబగబా రాసుకుంది. లోపల్నుంచి ఓలెటా, "ఇంకేం మాట్లాడకయ్యా! నువ్వు నోరు తెరిచినకొద్దీ శిక్ష పెరుగుతోంది" అని కేకేసింది.

మ్యూజియం తెరిచిన రోజు వెర్లిన్ నిలువెత్తు బొమ్మ పక్కన సారా కాచే రాగి బట్టీ ఒకటి పెట్టారు. అది ఎవరిదో వెర్లిన్‌కి తెలియదు. గార్లండ్ మాత్రం దానివైపు చూడకుండా రిబ్బన్ కత్తిరించాడు. వెర్లిన్ మైకు దగ్గరికి వెళ్ళి, "ఇదంతా పొరపాటండీ. నేను పాలవాణ్ణి. మూడో స్థానం వచ్చింది, అదొక్కటి నిజం" అన్నాడు. జనం పడీపడీ నవ్వారు. నలభై ఏళ్ళయినా గుట్టు విప్పడం లేదు చూశారా అని మెచ్చుకున్నారు. వారం పోయాక అతను వెళ్ళి గట్టిగా అడిగితే, డెనీస్ రాగి బట్టీ పక్కన ఒక పాల సీసా చేర్చింది. కింద చీటీ: "షూమేట్ సారా దాచిన సీసా." మూడో స్థానం రాయడానికి చోటు చాల్లేదంది.

ఆ కీర్తి చర్చిదాకా పాకింది. పాస్టరు కుర్రవాడు, ఊరికి కొత్త. బుధవారం ప్రార్థన అయ్యాక వెర్లిన్‌ని ముందుకి పిలిచాడు.

"బ్రదర్ షూమేట్, సంఘ పెద్దగా ఉండి ఇన్నేళ్ళూ ఈ విషయం దాచారు. ఇప్పటికైనా ఒప్పుకోండి."

"అయ్యగారూ, నేను మోసింది పాలు."

"మందిరంలో కూడా ఆ రహస్య భాషేనా బ్రదర్?"

అరవై దాటినవాళ్ళందరూ ఏకంగా పాటల పుస్తకాలు తెరిచి శ్రద్ధగా చదువుకోసాగారు. అప్పుడు గార్లండ్ లేచాడు. ఒక్క క్షణం వెర్లిన్‌కి ఆశ పుట్టింది, నిజం చెప్పేస్తాడేమోనని.

"సోదరులారా," అన్నాడు గార్లండ్, గొంతు వణికిస్తూ, "యవ్వనంలో తప్పటడుగు వెయ్యనిదెవరు? బండి వెనక నూట ఇరవై గ్యాలన్ల సారా. దీపాలార్పేసి, వెన్నెల వెలుగులో వంతెన దాటుతుంటే, వెనక ఎక్సైజు కారు కూత పెడుతుంటే, బండిని ఉన్నచోట గిర్రున తిప్పి వాళ్ళ ముక్కు పక్కనుంచే వెనక్కి దూసుకుపోతుంటే... ఆహా! అంటే, ఆ పాపం ఎంత బరువై ఉంటుంది! క్షమిద్దాం మన సోదరుణ్ణి."

జనం కళ్ళు తుడుచుకున్నారు. చెయ్యని పాపానికి వెర్లిన్‌ని ఏకగ్రీవంగా క్షమించి, సంఘ పెద్ద పదవి మాత్రం తీసేశారు. ఓలెటా చేతిసంచీ తీసుకుని లేచింది.

"గార్లండూ, ఎంత కళ్ళకి కట్టినట్టు చెప్పావు! కొత్తవాళ్ళు వింటే నువ్వే తోలావనుకుంటారు."

కుర్రకారంతా హాయిగా నవ్వారు. పెద్దవాళ్ళు పుస్తకాల్లో పేజీ తిప్పారు.

మర్నాడు గార్లండ్ ఒక పెద్ద పంది తొడ మాంసం మోసుకుని వెర్లిన్ ఇంటికొచ్చాడు. వరండాలో నిలబడి టోపీ తిప్పుతూ, "ఒరే, ఏం కావాలో అడుగు. ఆ ఒక్కటి చెప్పమని మాత్రం అడగకు. మనవరాళ్ళున్నారు, బ్యాంకుంది" అన్నాడు.

వెర్లిన్ ఆ మాంసం వంకైనా చూడలేదు. "కేన్ బ్రాంచ్‌కి తీసికెళ్ళు. ఒకసారి చూడాలి" అన్నాడు.

గార్లండ్ కొత్త తెల్లకారులో వెళ్ళారు. పైన్ చెట్ల మధ్య ఎర్రమట్టి గట్టు ఇంకా గుండ్రంగా వంగి ఉంది. వెర్లిన్ గార్లండ్‌ని దాటింది ఇక్కడంటే ఇక్కడని ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. "అసలు నువ్వు దాటలేదురా, దుమ్ములో నాకు కనబడలేదంతే" అన్నాడు గార్లండ్. ఎలా తిరగాలో చూపిస్తానని ఉబలాటపడి కారుని చెట్ల మధ్యకి దించాడు. పది గజాలు వెళ్ళగానే చక్రాలు ఇరుసుదాకా బురదలో కూరుకుపోయాయి.

పక్క పొలంలోని కుర్ర రైతు ట్రాక్టరేసుకుని వచ్చాడు. దిగుతూనే వెర్లిన్‌ని చూసి టోపీ తీసేశాడు.

"మీరు షూమేట్‌గారు కదూ! మా పిల్లల్ని మొన్నే మ్యూజియంకి తీసికెళ్ళాను. ఒక్కసారి చెయ్యివ్వండి సార్. ఎక్సైజు వాళ్ళని ఏడిపించిన చెయ్యి!"

గార్లండ్ మొహం కందిపోయింది. గొలుసు కట్టినంతసేపూ కుర్రవాడు వెర్లిన్‌నే చూస్తున్నాడు, వెర్లిన్‌నే అడుగుతున్నాడు. బ్యాంకు ఛైర్మన్‌ని కాస్త పక్కకి జరగమన్నాడు. అంతే, నలభై ఏళ్ళు బిగబట్టింది ఒక్కసారిగా బయటపడింది.

"నేనయ్యా! నేను తోలాను! వీడు పాలు పోసేవాడు. ఆ వంతెన, ఆ మలుపు, ఆ రాగి బట్టీ, అన్నీ నావి! మూడుసార్లు జైలు తప్పించుకున్నాను. నేను!"

కుర్రవాడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. బురదలో ములిగిన కారును చూశాడు. నవ్వాపుకుంటూ, "అలాగేలెండి మింటన్‌గారూ" అన్నాడు.

"ఒట్టేసి చెబుతున్నాను! వెర్లిన్, చెప్పరా వీడికి!"

వెర్లిన్ కారు తలుపు మీద చెయ్యేసుకుని తీరిగ్గా ఆలోచించాడు.

"నిజమే బాబూ, ఈయనే తోలాడు. నేను పాలు పోశాను" అన్నాడు.

"మీరు మరీ మంచివారు సార్," అన్నాడు కుర్రవాడు. "పెద్దాయన మనసు నొప్పించకూడదని." ట్రాక్టరు ఎక్కి, గొలుసు లాగాడు.

ఆ తర్వాత నుంచి గార్లండ్ వారానికి రెండుసార్లు వెర్లిన్ వరండాకి రాసాగాడు. వంతెన కథ చెప్పేవాడు, ఎక్సైజు కథ చెప్పేవాడు. జిల్లాలో అవి నమ్మి వినేవాడు వెర్లిన్ ఒక్కడే. విన్నంతసేపు విని వెర్లిన్ కుర్చీ ముందుకి జరుపుకునేవాడు.

"అయిందా? ఇప్పుడు నువ్వు నాలుగో స్థానంలో ఎందుకొచ్చావో చెప్పు."