దానంతట అది మూసుకున్నది

మా బాబాయి మొన్న ఆదివారం పొద్దున, చర్చికి బయల్దేరబోతూ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే కూలబడ్డాడట. మంగళగిరికి కబురు తెచ్చిన మనిషి నాతో, "ఆ పిస్తోలు ఆర్మరరు గారు పోయారండీ" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది. ఇరవయ్యేళ్లు పోలీసుల తుపాకులు బాగుచేసిన మనిషికి, తను చెయ్యని తప్పే ఇంటిపేరైంది.

వన్ టౌన్‌లో వాళ్ల అద్దింటి తలుపు గాలికి దానంతట అదే పడేది. బాబాయి అన్నం ముందు నుంచైనా లేచి, దాన్ని పూర్తిగా తెరిచి, మళ్లీ చేత్తో వేసొచ్చేవాడు. మేం నవ్వేవాళ్లం.

"దానంతట అది మూసుకున్నదాన్ని నమ్మకూడదమ్మాయ్. లోపల ఏం పట్టిందో, ఏం పట్టలేదో మనకి తెలీదు" అనేవాడు. చాదస్తం అనుకున్నాను. కాదు, అది ఆయన పని నేర్పిన జాగ్రత్త.

తూటాలు అయిపోతే పిస్తోలు పైభాగం వెనక్కి వెళ్లి ఆగుతుంది. దాన్ని స్లైడు అంటారు. తూటాలు నింపిన కొత్త మేగజీను పిడిలో పెట్టాక మనం చేత్తో వదిలితేనే అది ముందుకు రావాలి. దాన్ని ఆపే కొక్కెం అరిగిపోతే మాత్రం, మేగజీనుని కింద నుంచి గట్టిగా చరిస్తే చాలు, టక్కున మూసుకుంటుంది.

ఒక ఆఫీసరుకి ఆ అరుగుదలే ముచ్చటైంది. "నా పిస్తోలు నా చెయ్యి గుర్తుపడుతుందయ్యా" అని మురిసిపోయేవాడట.

"గుర్తుపట్టడం కాదండీ, కొక్కెం అరిగిందండీ. ఓసారి తూటా గొట్టంలోకి ఎక్కుతుంది, ఓసారి ఎక్కదు. ఇచ్చెయ్యండి, మారుస్తాను" అని బాబాయి నోటితో చెప్పాడు, మూడుసార్లు కాగితం రాసిచ్చాడు. పిస్తోలు రాలేదు.

అవి ఎమర్జెన్సీ రోజులు. పైవాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు ఆ ఆఫీసరు తన వేగం చూపించబోయాడు. వేలు ట్రిగ్గరు మీదే ఉంచి మేగజీను చరిచాడు. స్లైడు మూసుకుంది, తూటా ఎక్కింది, పేలింది. పక్కనున్న కానిస్టేబులు మోకాలు చితికిపోయింది.

విచారణలో మరమ్మతు సరిగా చెయ్యలేదని రాశారు. అసలు మరమ్మతుకే ఇవ్వని పిస్తోలుకి! మూడు కాగితాలూ కనపడలేదట. వాటికి కాళ్లొచ్చాయి కాబోలు. తప్పు నాదేనని సంతకం పెట్టమంటే బాబాయి పెట్టలేదు. ఆయన్ని ఆయుధాల గది నుంచి తీసేసి, దుప్పట్లూ బూట్లూ పంచే గదిలో పడేశారు. మా అందరికీ పనిముట్లంటే ప్రాణమని నేర్పిన చేతులవి. చివరిదాకా అక్కడే ఉంచారు.

సమాధుల తోటకి ఆ ఆఫీసరు కూడా వచ్చాడు. పెట్టెలో బాబాయి గుండెల మీద పెద్ద దండ పెట్టి, పిన్నితో "చిన్న పొరపాటు జరిగినా మంచి పనివాడమ్మా" అన్నాడు.

పొరపాటట! ఎవరిదయ్యా పొరపాటు? నేను నోరు తెరిచేలోగా, మూత పట్టుకున్నవాళ్ల చెయ్యి జారి అది ధబ్బున పడింది.

"తియ్యండి" అంది పిన్ని.

"పడిపోయిందిగా అమ్మా, మేకులు కొట్టేస్తాం."

"దానంతట అది పడింది. తియ్యండి."

తీశారు. పిన్ని లోపలికి చూసింది. ఆ దండ తీసి ఆఫీసరు చేతిలో పెట్టింది. బాబాయి చొక్కాకి పెట్టకుండా మిగిలిన ఆఖరి బొత్తాం పెట్టింది. తర్వాత మూతని రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా, తనే మూసింది.