రేవులో ఆగిన చుక్క

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పగలంతా గ్రీజులో మునిగి, ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాడో లేదో మేడమీది గదిలో దూరేవాడు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని మరీ పెట్టుకున్న రేడియో అక్కడుంది. గాలి వేగం కొలవడానికి డాబా మీద నాలుగు స్టీలు గిన్నెలు గిరగిరా తిరుగుతుండేవి. అవి నా వంటింట్లోంచి మాయమైనవే. గాలి ఎంత, వాన ఎంత అన్న లెక్కలు పది నిమిషాలకోసారి రేడియోలో పంపేవాడు. ఎక్కడో కొండ అవతల ముఖం తెలియని మనిషెవరో "అందింది" అంటే పొంగిపోయేవాడు. వీధిలో అందరికీ ఆయన గాలి మేస్త్రీ. నాతో పది మాటలు మాట్లాడే తీరిక లేదు గానీ ఆకాశంతో కబుర్లా అని నేను సాధిస్తూనే ఉండేదాన్ని.

మా తమ్ముడు ఒంటరిగా పడవ మీద చేపలకు వెళ్లేవాడు. వాడి కోసం మా ఆయన సబ్బుపెట్టెంత డబ్బా ఒకటి తయారుచేశాడు. అది ఉపగ్రహాల సాయంతో తానెక్కడున్నదీ తెలుసుకుని, నిమిషానికోసారి రేడియోలో చెబుతుంది. మా గదిలో కిర్రుమని చప్పుడవుతుంది, కంప్యూటర్లో పటం మీద ఎర్రచుక్క జరుగుతుంది. అప్పుడు వాడి పెళ్లాం, మా మరదలికి ఏడో నెల. రోజూ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి చుక్కను చూసుకునేది. చుక్క రేవు చేరిందంటే ఇంటికెళ్లి పొయ్యి వెలిగించేది. చివరికి రేవు గుమాస్తా కూడా ఆ చుక్కనే నమ్మడం మొదలుపెట్టాడు.

ఆ రోజు పొద్దున్నుంచే గాలి ముదిరింది. మా ఆయన పని మానేసి రేడియో ముందు కూర్చున్నాడు. ఒంటిగంటకు చుక్క నడిసముద్రంలో ఉంది. ఆ తర్వాత డబ్బా గంటన్నర పలకలేదు. రెండున్నరకు మళ్లీ కిర్రుమంది. చుక్క రేవులో ఉంది. "వచ్చేశాడే!" అని ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

కాసేపటికి గుమాస్తా ఫోన్ చేశాడు. "మేస్త్రీ గారూ, అందరూ వచ్చేశారు. మీ బావమరిది పడవే కనబడ్డం లేదు. వెతకడానికి లాంచీ పంపమంటారా?"

"అక్కర్లేదండీ, వచ్చేశాడు. ఈ వానలో మీకు కనబడి ఉండదు. చుక్క రేవులోనే ఉంది."

ఆరుకు పది నిమిషాల ముందు వరకు ఆ కిర్రు వినబడుతూనే ఉంది. తర్వాత ఆగింది. పడవ కట్టేసి డబ్బా ఆపేసి ఉంటాడనుకున్నాం. చీకటి పడే వేళకు మరదలు తడుస్తూ వచ్చింది. "ఇంకా ఇంటికి రాలేదేంటి వదినా?"

మూడో రోజున బోర్లాపడిన పడవ దొరికింది. అయిదో రోజున మా తమ్ముడు దొరికాడు.

ఒడ్డుకొచ్చినవాడు సముద్రంలో వదిలొచ్చిన వలల మీద ఆశతో మళ్లీ సముద్రంలోకి వెళ్లాడని రేవులో తీర్మానించేశారు. పోయినవాణ్ణి మూర్ఖుణ్ణి చెయ్యడానికి లోకానికి ఎంతసేపు! మరదలు కూడా అదే నమ్మింది. "రేవుదాకా వచ్చి నా మొహం చూడకుండా పోయాడు వదినా. నాకంటే వలలే ఎక్కువైపోయాయి" అని ఒకటే గొణుగుడు. పళ్లెం ముందు కూర్చునేది, కలిపి వదిలేసేది.

మా ఆయన వారంపాటు ఆ డబ్బాలోకి ఎక్కించిన ప్రోగ్రామునే తిరగేశాడు. చివరకు నన్ను పిలిచి ఒక్క వరుస చూపించాడు. డబ్బాను పడవకు బిగించిన రోజు రేవులో రేకుల షెడ్డు కింద పరీక్షించాడట. అక్కడ ఉపగ్రహాలు అందలేదు. పని ఆగకూడదని, అవి అందకపోతే రేవు చోటునే పంపమని రాశాడు. తర్వాత తీసేద్దామనుకుని మరచిపోయాడు. తుఫానులో డబ్బా గంటన్నర ఆగిపోయి, మళ్లీ పలికేసరికి ఉపగ్రహాల సంకేతాలు అందుకునే తీగ తెగిపోయినట్టుంది. డబ్బా నడిసముద్రం నుంచి పిలుస్తూ, రేవులో ఉన్నానని చెప్పింది.

నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "చెబితే వాడు లేచొస్తాడా? నోరు మూసుకుని ఊరుకోండి." తమ్ముడు ఎటూ పోయాడు, మరదలూ పుట్టబోయే బిడ్డా అయినా నాకు మిగలాలనుకున్నాను. ఇప్పటికీ ఆ మాటకు నేను సిగ్గుపడుతున్నాను.

ఆయన నాలుగు రోజులే ఊరుకోగలిగాడు. ఒక పొద్దున్నే మరదలిని మేడమీది గదికి పిలిచి, ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు. నేను కళ్లతో ఎంత వారించినా ఆగలేదు. తన తప్పు మొత్తం చెప్పేశాడు.

ఆమె పటం ఉన్న కంప్యూటర్ వైపు తిరిగింది. "అంటే ఆయన ఒడ్డుకు రానే లేదా అన్నయ్యా?"

"రాలేదమ్మా."

"ఒడ్డుకే రాని మనిషిని ఇన్నాళ్లూ తిట్టుకున్నానా!" అంటూ పమిట నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆగాక మళ్లీ అడిగింది. "ఆ డబ్బా ఎప్పటిదాకా పిలిచింది?"

"ఆరుకు పది నిమిషాల ముందు దాకా."

"అప్పటిదాకా పడవ మునగలేదన్నమాట."

"మునగలేదమ్మా."

"మూడు గంటలకు పైగా. లాంచీ రేవులోనే ఉంది. మీరు వింటూ కూర్చున్నారు."

"వింటూనే ఉన్నాం," అన్నాడు ఆయన.

మరదలు గోడ పట్టుకుని లేచింది. నేను చెయ్యి అందించాను. ఆ చేతిని తాకకుండా, ఒక్కతే మెట్లు దిగి వెళ్లిపోయింది.