మా పొలంలో మంచె

మా ఆయనకి పిల్లల పుట్టినరోజులు గుర్తుండేవి కావు గాని, పొలంలో తిరిగే ఏ దుప్పికి ఎన్నేళ్ళో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు.

ఎనభైల మొదట్లో టెక్సాస్‌లోని ఓ చిన్న ఊళ్ళో ఆయన డాక్టరు. ఊరి బయట ఓక్ చెట్లు, రాళ్ళు, ముళ్ళకంపలు తప్ప ఏమీ లేని నేల కొన్నారు. మామిడి మొక్కలు వేద్దామా అని అమాయకంగా అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. తోటి డాక్టర్లతో రెండుసార్లు వేటకి వెళ్ళి అప్పటికే రుచి మరిగారని నాకు తెలియదు.

జనవరిలో వేట సీజన్ ముగిసేది. మామూలు మనిషికి అక్కడితో అయిపోవాలి. ఈయనకి అప్పుడే మొదలు. చలికాలం చివర్లో దుప్పులు కొమ్ములు రాల్చుకుంటాయి. వాటిని ఏరుకొచ్చి గరాజ్‌లో నేలమీద పరిచి, పోయినేడాది వాటి పక్కన పెట్టి చూసుకునేవారు. వసంతం వస్తే కంపలు కొట్టడం. ఎండాకాలంలో వాన లేకపోతే పికప్‌లో డ్రమ్ములతో నీళ్ళు మోసి తొట్టి నింపడం. పెరట్లో నా బెండ మొక్కలు అదే ఎండకి ఒరిగిపోతుంటే ఆయన కంటికి ఆనేవి కావు. ఆగస్టు సాయంత్రాలు బైనాక్యులర్స్, సెప్టెంబరులో జింకలు మేయడానికి ఓట్స్ చల్లడం. ఇంతా చేసి, కుర్ర దుప్పి ఎదురుగా వచ్చి నిలబడితే కాల్చేవారు కాదు. మెడ బలిసి, పొట్ట కాస్త జారి, వయసు నిండిందే కావాలి. పెళ్ళిచూపుల్లో నన్ను అందులో సగం శ్రద్ధగా కూడా చూడలేదు.

సీజన్‌లో నా వంటింటికి కర్ఫ్యూ. ఇంగువ పోపు పెడితే ఆ వాసన బట్టలకి పడుతుందట, జింకలు మైలు దూరంలో పసిగడతాయట. వేట బట్టలు ఇంట్లోకి రానిచ్చేవారు కాదు, వెనక ఓక్ చెట్టుకి వేలాడదీసేవారు. పోపు లేని పప్పు తిని అత్తగారి మీద కోపం తెచ్చుకునేదాన్ని, ఇలాంటి కొడుకుని కన్నందుకు.

ఇదంతా నవ్వుతూ చెబుతున్నాను గాని, అప్పుడు సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మాకు హ్యూస్టన్‌లో ఇరవై తెలుగు కుటుంబాలతో రాకపోకలుండేవి. వాళ్ళలో పూజలకీ వ్రతాలకీ పెద్దదిక్కుని నేనే. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి, నక్షత్రం చూశాక గాని తినని మనిషినని నాకు పేరు. సరిగ్గా ఆ కార్తీకంలోనే దుప్పులు జతకోసం ఒళ్ళు తెలియకుండా తిరుగుతాయి. ఆ నెలలోనే మా ఆయన తుపాకీ తీసేవారు. గరాజ్ ఫ్రీజర్‌లో తెల్ల కాగితంలో చుట్టిన మాంసం పొట్లాలుండేవి. ఎవరైనా వస్తే పెయింట్ ఆరలేదని చెప్పి గరాజ్ తలుపు మూసేసేదాన్ని.

ఓ ఏడాది హ్యూస్టన్ స్నేహితురాలు ఫోన్ చేసింది. "అంత లాండ్ పెట్టుకుని మమ్మల్ని పార్కులో తినమంటావా? ఈసారి వనభోజనాలు మీ ఫార్మ్‌లోనే. నేను అందరికీ చెప్పేశాను కూడా."

సరేనన్నాను. ఇంకేమనగలను? ఆయనకి చెబితే మొహం పాలిపోయింది. రెండు సీజన్లుగా చిన్నదని వదిలేసిన దుప్పికి ఆ ఏడే వయసు నిండింది.

"ఇంతమంది వచ్చి పొయ్యి పెడితే అది పక్క రాంచ్‌కి పోతుంది."

"నన్నేం చేయమంటారు?"

"ఉన్నమాట చెప్పు. ఇది హంటింగ్ లాండ్, సీజన్ అయ్యాక రమ్మను."

"ఆ మాట చెప్పేకంటే నన్ను కాల్చేయండి."

ఆయన అబద్ధం ఆడరు, అదొక్కటీ ఆయనతో నాకున్న ఇబ్బంది.

ఆదివారం కార్లన్నీ దిగాయి. వనభోజనానికి ఉసిరిచెట్టు కావాలి, టెక్సాస్‌లో మాకెక్కడిది? ఓ పెద్ద ఓక్ చెట్టు మొదట్లో ఉసిరికాయ పచ్చడి సీసా పెట్టి, దానికే పసుపు కుంకుమ పెట్టి దీపం వెలిగించాం. పులిహోర పోపు పొలమంతా ఘుమఘుమలాడింది. ఆయన గాలి ఎటు వీస్తోందో చూసుకుంటూ కూర్చున్నారు.

స్నేహితురాలి అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ ఓట్స్ మడి చివర నాలుగు కర్రల మీద నిలబెట్టిన చెక్కగదిని చూసి ముచ్చటపడిపోయారు. ఆయన తుపాకీతో కూర్చునే గది అది.

"మంచె! ఎన్నాళ్ళయిందే అమ్మాయ్ మంచె చూసి! పంటకి కాపలానా?"

"అవును పిన్నిగారూ," అన్నాను. ఆయన పక్కనే ఉన్నారు. కాగితం ప్లేటుకేసి చూస్తూ ఉండిపోయారు.

సాయంత్రం పెద్దావిడ శివుడి కథ మొదలుపెట్టారు. పిల్లలతో సహా అందరూ చప్పుడు చేయకుండా వింటున్నారు. అప్పుడు ఓ ఆడజింక చెట్లలోంచి ఓట్స్‌లోకి దాటింది. దాని వెనకే ఆ దుప్పి వచ్చింది. అంత కొమ్ముల బరువుతో నిలబడి మా వంక చూసింది. ఆయన మొహం చూశాను. పెళ్ళయ్యాక ఎన్నడూ నేను చూడని మొహం అది.

పెద్దావిడ చేతులు జోడించారు. "కదలకండర్రా. ఈ నేలమీద తననెవరూ ఏమీ చెయ్యరని దానికి తెలుసు. అంతేనామ్మా?"

అందరూ నావైపు తిరిగారు. "అంతేనండి," అన్నాను.

వెళ్ళేముందు ఆవిడ మిగిలిన అరటిపళ్ళూ గుమ్మడి ముక్కలూ అక్కడే పెట్టించారు, ఆ మూగజీవాలు తింటాయని.

తర్వాతి శనివారం ఆయన దాన్ని కొట్టారు. రెండేళ్ళ కోరిక తీరిన మనిషిలా మాత్రం ఇంటికి రాలేదు. చేతులు కడుక్కుంటూ, "నా జాకెట్‌కి వనభోజనం నాటి పొగ వాసన ఇంకా పోలేదు. అయినా భయపడకుండా నావైపే వచ్చింది," అన్నారు. నాకు ఆయనమీద అసహ్యం వేసింది. అది ఆయనమీదే అని అప్పుడు అనుకున్నాను.

ఇండియా వెళ్ళేముందు పెద్దావిడ ఫోన్ చేశారు. పడగ్గదిలో ఫోను ఆయన ఎత్తారు, అదే క్షణంలో అదే లైను మీద వంటింట్లో ఫోను నేనూ ఎత్తాను.

"అబ్బాయ్, ఆ దుప్పి మళ్ళీ కనబడిందా?"

"లేదండి. నేనే కొట్టాను. ఏడాది పొడుగునా ఆ పొలంలో నేను చేసేదంతా దానికోసమే."

ఆవిడ తిట్టాలని కోరుకున్నాను. ఆయన్ని బాగా తిడితే నా గుండె బరువు దిగుతుందనిపించింది.

"నీ నేల, నీ ఇష్టం నాయనా," అన్నారు ఆవిడ. "మరి మీ ఆవిడకి తెలీదా? దాన్నెవరూ ఏమీ చెయ్యరని నాతో అందే?"

ఫోన్‌లో ఆయన ఊపిరి వినిపించింది.

"తెలీదండి," అన్నారు మా ఆయన. "పాపం, తనకేమీ తెలీదు."

ఇద్దరికీ వినబడకుండా రిసీవర్ మెల్లగా పెట్టేశాను.