నాలుగు సంచుల మట్టి

2022 వేసవి. నందిగామలో ఒక చిన్న మట్టి పరీక్షల ల్యాబ్‌లో నేను అనలిస్టుని. పంటలు తీసేశాక చుట్టుపక్కల మండలాల నుంచి మట్టి సంచులు వస్తుంటాయి. మా వైపు నేలలు కొంత నల్లరేగడి, కొంత ఎర్రచెలక. మీటరు చూడకముందే అంకెలు చాలావరకు ఊహించగలను.

ఆ రోజుల్లోనే చిల్లకల్లు నుంచి మరియమ్మ అనే కౌలురైతు నాలుగు గుడ్డసంచులు తెచ్చారు. యాభై దాటిన మనిషి. ఎకరంలో మిరప వేస్తారు. "నాలుగూ విడివిడిగా చూడండి మేడమ్, కలపొద్దు" అని చెప్పి వెళ్ళిపోయారు.

మొదటి రెండూ మామూలుగానే ఉన్నాయి. మూడోది ఎర్రమట్టి. దాని పీహెచ్, అంటే నేల పులుపు తెలిపే అంకె, ఐదున్నర దగ్గర ఆగింది. మా వైపు అంత పుల్లని నేల నేనెప్పుడూ చూడలేదు. నాలుగోది ఇసుక. దాని ఈసీ, అంటే ఉప్పు కొలత, చూసి మీటరు పాడైందనుకున్నాను. కడిగి, సరిచూసి మళ్ళీ పెట్టినా అదే అంకె. ఒక్క ఎకరంలో ఇన్ని రకాల నేలలా? రిపోర్టు రాయడానికి చెయ్యి రాలేదు. ఫోన్ చేసి రమ్మన్నాను.

"అమ్మా, ఈ రెండూ మీ పొలంవేనా?"

"కాదండి," అన్నారు తడుముకోకుండా. "ఎర్రది పాడేరు కొండల్లోది. మా అమ్మాయి అక్కడ నర్సు. ఇసుక బందరు సముద్రం ఒడ్డుది. నేనే వెళ్ళి తెచ్చుకున్నా."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే దాన్నిబట్టి చెప్తారేమోనని. మా పొలంలో ఒక మూల మిరప ఏటా పసుపెక్కిపోతందండి. ఉప్పు పట్టిన చౌడు నేల, కౌలు వదిలేయమంటున్నారు అందరూ. అసలు ఉప్పు నేలంటే ఎలా ఉంటదో, ఉప్పు తగలని కొండ నేల ఎలా ఉంటదో తెలియాలిగా? ఆ మూలది రెండో సంచండి."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ల్యాబ్‌నే పరీక్షించిన రైతు ఈవిడొక్కరే. కాస్త కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ కుతూహలం కలిగింది.

నాలుగు సంచుల మట్టినీ విడివిడిగా పళ్ళేల్లో పోసి, ఆవిడ ముందే ఒక్కో చుక్క యాసిడ్ వేశాను. పాడేరు మట్టిలో చలనం లేదు. ఆవిడ పొలంలోని మంచి మట్టి కొద్దిగా బుసబుసలాడింది. బందరు ఇసుక నురగెత్తింది. ఆ మూల మట్టి ఇంకా ఎక్కువ పొంగింది. ఆవిడ మొహం వాడిపోయింది.

"రెండూ ఒకేలా పొంగినయ్. అయితే ఉప్పేగా మేడమ్?"

"కాదమ్మా, పొంగేది సున్నం. ఇసుకలో గవ్వల ముక్కలున్నాయి, అందుకే పొంగింది. ఉప్పు సంగతి మీటరు చెప్తుంది. మీ మూలలో అది లేనే లేదు. కొత్త ఆకులు పసుపు పచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటున్నాయా?"

"అచ్చం అంతేనండి!"

ఆ ఊరి కింద సున్నపురాయి ఉంది. ఆ మూల అది పైకి వచ్చినట్టుంది. సున్నం ఎక్కువైతే నేలలో ఇనుమున్నా మొక్కకి అందదు. ఇనుము అందించే అన్నభేదిని నీళ్ళలో కరిగించి, కాస్త నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేయమని కాగితం మీద రాసిచ్చాను.

"ఆ సున్నపురాయి కూడా ఏనాడో సముద్రం అడుగున పేరుకున్నదేనమ్మా" అన్నాను.

ఆవిడ ఆ మట్టిని వేళ్ళతో నలిపి చూసుకున్నారు. "మా చిల్లకల్లులో సముద్రమా! మరి నేను బందరు దాకా ఎందుకు పోయినట్టు?" అని పకపకా నవ్వారు.

కౌలు వదల్లేదు. నవంబరులో ఒక మిరప కొమ్మ పట్టుకొచ్చి చూపించారు. కొత్త చిగుళ్ళు పచ్చగా ఉన్నాయి. "అన్నీ కాదండి, కొన్ని మొక్కలు ఇంకా మొండికేస్తున్నయ్" అన్నారు.

మా ఫారంలో రైతు పేరుకి, సర్వే నంబరుకి, వేసిన పంటకి గడులున్నాయి. రైతుకి ఏం తెలుసుకోవాలని ఉందో రాసే గడి లేదు. ఇప్పుడు సంచి అందుకోగానే "మీ అనుమానం ఏంటండి?" అని అడుగుతున్నాను. జవాబు ఫారం వెనక పెన్సిల్‌తో రాసుకుని, ఆ తర్వాతే మీటరు ఆన్ చేస్తున్నాను.