పూత మీద మందు

మొన్న మాఘంలో తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సులో వస్తుంటే, దారి పక్క మామిడితోటలో ఒకాయన విరగబూసిన చెట్ల మీద పురుగుమందు కొట్టిస్తూ కనిపించాడు. లేచి కేకేద్దామనుకున్నాను గానీ, బస్సు ఆగుతుందా? మన ఈడువాళ్లకు చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఆ పని నేనూ చేసినదాన్నే.

తిరుపతిలో వృక్షశాస్త్రం చదివి, ఐరాల దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చిన రెండో ఏడు, మా మూడెకరాల తోట తొలిసారి ఆకు కనిపించకుండా పూసింది. పూగుత్తుల్లో రసం పీల్చే తేనెమంచు పురుగును చూడగానే, ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే గనక, వెంటనే మందు కొట్టాల్సిందేనని పట్టుబట్టాను.

"పూత బాగా వచ్చేసి ఉండాది, ఇప్పుడొద్దు మే" అని అత్త ఒక్కమాట అని ఊరుకుంది. మా ఆయన నా మాటే విన్నాడు. పురుగు చచ్చింది. దాంతోపాటు తేనెటీగలూ, ఈగలూ చెట్ల కింద రాలి, చెప్పులకు అంటుకునేంతగా పరుచుకున్నాయి.

ఆ వారమే, కొండల్లో తేనె తీసి ఊళ్లో అమ్మే ముసలామె అటుగా వచ్చి, చెట్ల కింద రాలిన ఈగలను వంగి చూసింది.

"పూత మింద కొట్టినారా తల్లీ? ఇంగ పిందె ఎవురు కట్టిస్తారు?"

నాకు కోపమే వచ్చింది. కానీ నెల తిరిగేసరికి పూలన్నీ మాడి, కాడలు చీపురుపుల్లల్లా మిగిలాయి. ఆ ఎండాకాలం మా ఆయన ఇతరుల తోటల్లో కాయలు కోసే కూలికి వెళ్లాడు. పరీక్ష కాగితం మీద పరాగసంపర్కం అని రాసి, పువ్వు నుంచి పువ్వుకు బాణం గుర్తులు గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, ఆ బాణాలను నా చేత్తోనే చంపుకున్నానని అప్పటికి గానీ తెలియలేదు.

మరుసటి ఏడు నేనే ఆ ముసలామె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. మొగ్గ మీద ఉన్నప్పుడే ఒకసారి మందు కొట్టి, పువ్వు విడిచాక తోట జోలికి పోవద్దంది. "నాలుగు ఎండుచేపలు కొమ్మలకు కట్టు తల్లీ, ఈగలు అవే వస్తాయి, పిందె అవే కట్టిస్తాయి" అంది. కట్టాను. ఊరంతా నవ్వింది, ఆ కంపుకు చుట్టాలు మా గడప తొక్కలేదు, అత్త మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నాతోపాటు చెట్టుచెట్టుకూ తిరిగింది. చైత్రం నాటికి కాయల బరువుకు కొమ్మలకు గెడలు ఆనించాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆమె తేనె తీసిన కొండను రాయి కోసం సగం తొలిచేశారు. ముసలామె మనవళ్లు నాయుడుపేట వైపు ఫ్యాక్టరీల్లో పని చేస్తున్నారు. తేనెటీగల కోసం గట్టున తుమ్మిపూల కలుపు ఉంచితే నన్ను సోమరి అంటారు. అననీ, నేను పీకించను. అప్పట్లో పూత రోజుల్లో ఆ జుమ్మనే రొదకు, పక్క చెట్టు కింద ఉన్న మనిషిని కూడా గొంతు పెంచి పిలిచేవాళ్లం. ఇప్పుడు మా చుట్టుపక్కల తోటల్లో ఎవరు గుసగుసలాడినా గట్టు మీదికి స్పష్టంగా వినిపిస్తుంది.