సుగుణమ్మ రాసిన ముప్పై ఒక్క బోర్లు

2007 వేసవి. కదిరిలో బస్టాండు వెనక సందులో నాకు కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉండేది. ఈ పని నేను కాలేజీలో నేర్చుకున్నది కాదు. మా శాఖా గ్రంథాలయంలో అట్టలు ఊడిన ఇంగ్లీషు పుస్తకాలు రెండు దొరికితే, పక్కన నిఘంటువు పెట్టుకుని మూడేళ్లు చదివాను. మొదటి పుస్తకంలో చివరి అధ్యాయాలు లేవు. వాటిలో ఏముండేదో ఇప్పటికీ నాకు తెలియదు. అయినా ఆ చదువు బలంతోనే ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం పనిలో చేరాను. ఓపెన్ సోర్స్ అంటే ప్రోగ్రాం లోపలి రాతనంతా అందరి ముందూ తెరిచి పెడతారు. చేతనైనవాళ్లు ఎవరైనా చదివి దిద్దవచ్చు. జీతం ఉండదు. మాలో ఎవరం ఎవరి ముఖమూ చూడలేదు. ఒకరు రాసిన ఉత్తరం అందరికీ చేరే మెయిలింగ్ లిస్టు ఒకటి ఉండేది. మాటలు, తగాదాలు, క్షమాపణలు అన్నీ అందులోనే.

ఆ ప్రోగ్రాం చేసే పని చిన్నది. మనం రాసుకున్న విషయాలను ప్లెయిన్ టెక్స్టుగా, అంటే ఏ అలంకారమూ లేని ఒట్టి అక్షరాలుగా, ఒక్కో విషయాన్ని ఒక్కో ఫైలులో దాచిపెడుతుంది. పాత మిషన్ మీద కూడా చులాగ్గా నడుస్తుంది. దాని బటన్ల మీది మాటలన్నీ నేను తెలుగు చేశాను. పేరు 'చీటి' అని పెట్టాను.

తనకల్లు అవతల ఒక పల్లెలో వాటర్‌షెడ్ కమిటీకి ఎవరో పాత కంప్యూటర్ ఇచ్చారు. దాన్ని బాగుచేసి ఇచ్చినప్పుడు అందులో చీటి వేశాను. కమిటీ కార్యదర్శి సుగుణమ్మకు అరగంట నేర్పాను. "కొత్తది నొక్కు, రాయి, దాచు నొక్కు. అంతే. ఇంక కాగితాలతో పనే లేదు" అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

ఆ ఏడు ఆ పల్లెకు తాగునీటి బోరు ఒక్కటి మంజూరయింది. భూగర్భ జలాల ఆఫీసరు వచ్చి రెండు పాయింట్లు చూపించి పోయాడు: ఒకటి గుట్ట కింద, ఒకటి వంక పక్కన, అంటే వాన నీళ్లు పారే వాగు పక్కన. రెండిట్లో ఏది మంచిదో, ఊళ్లో పాత బోర్లు వేసినప్పుడు ఏం పడిందో చూసుకుని మీరే తేల్చుకోండి అన్నాడు. సుగుణమ్మ రెండు నెలలు ఇల్లిల్లూ తిరిగింది. ఎవరి చేను, ఎన్ని అడుగులు, ఎక్కడ రాయి తగిలింది, ఎక్కడ దుమ్ము తడిసి నీటి జాడ కనపడింది, అన్నీ అడిగి పాత క్యాలెండరు కాగితాల వెనక రాసుకుని, ఇంటికొచ్చి చీటిలో ఎక్కించింది. ముప్పై ఒక్క బోర్లు. ఎక్కించిన కాగితాన్ని ఎక్కించినట్టే నీళ్ల పొయ్యిలో వేసింది.

బోరు బండి రావడానికి పది రోజులుందనగా నాకు ఫోన్ చేసింది.

"అన్నా, చీటీలు పోయినాయి."

"ఎన్నమ్మా?"

"ముప్పై ఒకటి రాసినా. ప్రింటు తీద్దామని తెరిస్తే ఒగటే ఉండాది. కొండప్ప మామది."

"మధ్యలో కరెంటు పోయిందా?"

"కరెంటు పోని దినం యాడుందన్నా?"

"ఎడమపక్క పేర్లు కనపడతాండాయా?"

"ఆ, మొదట్నుంచీ ఎట్లుందో అట్లే ఉండాది."

నాకేమీ అర్థం కాలేదు. అంగడిలో అలాంటి మిషనే తీసుకుని 'పరీక్ష ఒకటి', 'పరీక్ష రెండు' అంటూ నలభై చీటీలు తెలుగులో రాశాను. అన్నీ ఉన్నాయి. రాస్తుండగా తీగ పీకేశాను. అయినా ఉన్నాయి. ఫాంటు మార్చాను, వైరస్ కోసం వెతికాను. లిస్టులో రాస్తే, ఆ ప్రోగ్రాంను మొదలుపెట్టి నడిపించే ఆయన, ఎక్కడో చలిదేశంలో ఉంటాడు, మర్యాదగానే జవాబిచ్చాడు: మా దగ్గర ఈ తప్పు రావడం లేదు, ఆమె ఏమేం నొక్కిందో వరసగా రాయండి. ఇంకొకాయన తెలుగు అక్షరాల మీద అనుమానపడ్డాడు. మరొకరు డిస్కు చెడిపోయిందన్నారు. ఆమెకు మళ్లీ ఫోన్ చేశాను. "కొత్తది నొక్కినా, రాసినా, దాచినా. నువ్వు చెప్పిందే చేసినా" అంది. నేను చెప్పిందే చేస్తే పోకూడదు. పోయింది. మూడు రోజులు అక్కడే తిరిగాను.

నాలుగో రోజు బస్సెక్కాను. కమిటీ గది అరుగు మీద కొండప్ప కూర్చుని ఉన్నాడు. కమిటీ పెద్ద ఆయనే.

"ఏమప్పా, మా బోర్లను మింగిన మిషన్ నీదేనా? ముప్పై ఒక్క బోర్లు ఒగేతూరి పూడ్చినోన్ని ఇంతవరకూ చూళ్లేదు."

"మామా, అన్నను లోపలికి పోనీ" అంది సుగుణమ్మ.

"పోనీలే. ఇంగ మింగేదానికి ఏముండాది లోపల?"

నేను ఏమీ అడగకుండా పక్కన కూర్చుని, మొదటి నుంచి చేసి చూపించమన్నాను. ఆమె కొత్తది నొక్కింది. పైన 'శ్రీరామ' అని రాసింది. కింది వరసలో విషయం మొదలుపెట్టింది. దాచు నొక్కింది. బాగానే ఉంది. ఇంకొకటి చేయమన్నాను. కొత్తది, శ్రీరామ, విషయం, దాచు. అదీ బాగానే ఉంది. నా చూపు ఎడమపక్కకు పోయింది. అక్కడ చీటీల పేర్ల వరస ఉండాలి. ఒక్క పేరే ఉంది: శ్రీరామ.

"సుగుణమ్మా, ఇది ఏమనుకుంటివి?"

"పుస్తకానికి అట్ట మీద రాస్తారు కదన్నా, అట్లనుకున్నా. నా చీటీలన్నీ దాని లోపల ఉండాయనుకున్నా."

చీటి ప్రోగ్రాం ప్రతి చీటీకీ దాని మొదటి వరసనే పేరుగా పెడుతుంది. అదే పేరుతో ఇంకొకటి వస్తే, పాతదాన్నే దిద్ది రాశారనుకుని, పాతదాని మీద కొత్తది పరిచేస్తుంది. ప్రోగ్రాం రాసినవాళ్లకెవరికీ అది తప్పుగా తోచలేదు. వాళ్ల దేశాల్లో ఒకడు రాసిన ముప్పై ఒక్క కాగితాలూ ఒకే మాటతో మొదలు కావు. మన దగ్గర అవుతాయి. మరి నాకెందుకు తోచలేదు? జేబులోంచి కాగితం తీశాను. ఫోన్‌లో సుగుణమ్మ చెప్పిన ఫిర్యాదు అందులో రాసుకున్నాను. కాగితం పైన మధ్యలో, నా చేత్తోనే, 'శ్రీ' అని ఉంది. కాగితం మీద రాస్తాను. మిషన్లో రాయను. ఆమెకు కాగితమూ మిషనూ ఒకటే. ఇందులో ఎవరిది తప్పో ఆ పూట నేను తేల్చుకోలేకపోయాను.

తుడిచేసిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాం పెట్టి సాయంత్రం దాకా చూశాను. చివర రాసిన కొండప్ప బోరు, దాని ముందుది ఒకటి, అంతే దొరికాయి. సుగుణమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "ఇంగ ఆరు దినాలుంది. నువ్వు కూడా రా" అంది.

వెళ్లాను. అంగడికి తాళం వేసి ఐదు రోజులు ఆమె వెంట తిరిగాను. "మొన్ననే చెప్పినా కదమ్మా, మళ్లీ ఏందిది?" అని ప్రతి ఇంట్లోనూ అడిగారు. "మిషన్ మర్చిపోయింది" అని ఆమె జవాబు. ఈసారి ఒక్కో బోరుకు ఒక్కో కాగితం. నా అయోమయం మాత్రం ఎక్కువైంది. మొన్న మూడు వందలన్నాయన ఇప్పుడు రెండు వందల యాభై అన్నాడని సుగుణమ్మ అంటుంది. నిజమో కాదో చూద్దామంటే పాత రాత లేదు. మొత్తం మీద వంక పక్క బోర్లన్నీ ఎండిపోయినవేనని లెక్క తేలుతోంది. గుట్ట కిందే వేద్దామని కమిటీ మొగ్గుతోంది.

చివరి రోజు కొండప్పను అడగడం ఒక్కటే మిగిలింది. ఆయన రాత దొరికింది కాబట్టి అడగనక్కర్లేదన్నాను. "అందరినీ రెండు తూర్లు అడిగి ఆయన్నొక్కన్ని వదిలితే ఊరంతా అంటారు" అని సుగుణమ్మ కదిలింది. వంక పక్క చేలో ఆయన పన్నెండేళ్ల కిందట వేసిన బోరు సంగతి అది. దొరికిన రాతలో 'నూట అరవై అడుగులకు రాయి, పొడి, ఆపినాను' అని ఉంది.

కొండప్ప బీడీ ముట్టించాడు. "రెండు వందల పది అడుగులకు దుమ్ము తడిసింది" అన్నాడు.

సుగుణమ్మ కలం ఆగింది. "ఏం మామా, మొన్న అట్ల చెప్తివి, ఇప్పుడు ఇట్ల చెప్తాండావే?"

"మొన్న మా తమ్ముడు నీ పక్కనే కూచుండె. వాని ముందర ఎట్ల చెప్పేది?"

"ఇప్పుడెందుకు చెప్తాండావు?"

"అప్పుడు మా ఇద్దరికీ భాగాలు పంచుతాండిరి. తడి తగిలిందంటే ఆ చేను నాకు ఇస్తారా? పొడి అని చెప్పి బండి ఆపించినా. నా భాగానికొస్తే మళ్లీ వేసుకుందామని. కడాకు అది వానికే పోయె." బీడీ పారేశాడు. "మీ ఇద్దరూ ఎండలో తిరుగుతాంటే చూస్తాండా. ఈతూరి బోరు కూడా పోతే మళ్లీ ట్యాంకరు కాడ బిందెలతో కొట్టుకునేది మా ఇండ్లోళ్లే. రాసుకో. ఎందుకు ఆపినానో మాత్రం రాయొద్దు."

రెండు వందల పదికి తడి, ఆపారు. సుగుణమ్మ అంతే రాసింది. పేర్లు మార్చాను కాబట్టి మిగతాది నేనిప్పుడు చెబుతున్నాను.

కమిటీ ఆ కాగితం చూసి వంక పక్క పాయింటుకు ఒప్పుకుంది. బోరు బండి వచ్చింది. రెండు వందలు దాటేదాకా తెల్లటి దుమ్మే. రెండు వందల నలభై దగ్గర బురద చిమ్మింది. రెండించుల నీళ్లు పడ్డాయి. కొండప్ప వాళ్ల తమ్ముడే మొదటి కొబ్బరికాయ కొట్టాడు.

అంగడికి వచ్చి లిస్టులో అంతా రాశాను. అన్ని చీటీల పైనా ఒకే మాట ఎందుకు రాస్తారు, రాయవద్దని చెప్పలేరా అని చలిదేశం ఆయన అడిగాడు. సుగుణమ్మకు చెప్పాను. "నన్ను మార్చుకోమంటాడా? ఆయప్ప రాసిందే మార్చుకోమను" అంది. ఉన్న పేరే మళ్లీ వస్తే పక్కన అంకె చేర్చేలా, ఎడమపక్క రెండో వరసను కూడా చూపించేలా ఒక ప్యాచ్ రాశాను. ప్యాచ్ అంటే ప్రోగ్రాంకు వేసే అతుకు. నాలుగు తూర్లు తిప్పి పంపి, ఐదోతూరి తీసుకున్నారు. నేను రాసినవాటిలో లోపలికి పోయిన మొదటిది అదే.

ఆయన చివరగా ఒక ప్రశ్న అడిగాడు: ఆమె సమాచారం తిరిగి దొరికిందా? జవాబు రాసి కొట్టేశాను, మళ్లీ రాశాను. రెండు ఫైళ్లు దొరికాయి, అందులో ఒకటి అబద్ధం. మిగతా ఇరవై తొమ్మిదింటిలో ఎన్ని నిజమో ఎవరికీ తెలియదు. అవన్నీ భద్రంగా ఉండి ఉంటే గుట్ట కింద వేసేవాళ్లు. అక్కడ నీళ్లుండేవో లేవో అదీ తెలియదు. ఒక రకంగా పోగొట్టడమే మేలయిందని సుగుణమ్మతో ఒకసారి అన్నాను.

"ఆ మాట చెప్పుకోవద్దన్నా. నా చెప్పులు అరిగినాయి" అంది.

ఆ కేసు తర్వాత నా పని తీరు ఒక్క విషయంలో మారింది. ఎవరైనా 'పోయింది' అని ఫోన్ చేస్తే, ఏం నొక్కారని అడగడం మానేశాను. బస్సెక్కి వెళ్తాను. పక్కన కూర్చుని, మొదటి అక్షరం నుంచి చేసి చూపించమంటాను. ఒకసారి చూశాక, ఇంకొకసారి చేయమంటాను.